క్షమించే హక్కు ఎవరిది? యోమ్ కిప్పూర్‌పై ఒక సమీక్ష

తెలుగునాట బైబిలు చదివే ఇళ్లలో లేవీయకాండము 16వ అధ్యాయం తెలియనిది కాదు. ఏడో నెల పదో రోజున ప్రధాన యాజకుడు నారబట్టలు కట్టుకుని అతి పరిశుద్ధ స్థలంలో అడుగుపెట్టడం, రెండు మేకల మీద చీట్లు వేయడం, ఒకదాన్ని బలి ఇచ్చి రెండోదాని తలమీద జనం పాపాలన్నీ మోపి అడవికి తోలించడం అందులో ఉన్నాయి. యూదుల ప్రాయశ్చిత్త దినం గురించి చాలామందికి తెలిసింది అంతవరకే. క్రీ.శ. 70లో రోమన్ సేనలు యెరూషలేము దేవాలయాన్ని నేలమట్టం చేశాయి. బలిపీఠం పోయింది, దానితోపాటు యాజకుడి పనీ పోయింది. ఆ దినం కూడా చరిత్రలో కలిసిపోయి ఉండాల్సింది. అలా జరగలేదు. యోమ్ కిప్పూర్ అన్న పేరుతో నేటికీ అది యూదుల ఏడాదిలో అత్యంత పవిత్రమైన రోజు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చే ఈ దినాన, ముందురోజు పొద్దు వాలకముందు మొదలుపెట్టి మర్నాడు చుక్కలు పొడిచేదాకా, సుమారు 25 గంటలపాటు పచ్చి మంచినీళ్లయినా ముట్టరు. స్నానం, ఒంటికి నూనె, తోలు చెప్పులు, దాంపత్య సుఖం కూడా నిషిద్ధం. ఏడాదంతా ప్రార్థనా మందిరం గడప తొక్కనివాళ్లు సైతం ఆ రోజు వస్తారు. 1965 అక్టోబరు 6న అమెరికాలో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ మొదటి ఆట సరిగ్గా ఈ దినాన పడితే, ఆ కాలపు మేటి ఆటగాడు, యూదుడైన శాండీ కోఫాక్స్ మైదానంలోకి దిగలేదు.

గుడి లేకుండా, బలి లేకుండా, యాజకుడు లేకుండా ఇన్ని శతాబ్దాలు ఈ దినాన్ని నిలబెట్టింది ఏమిటి? ఉపవాసమే అన్నది ఎక్కువమంది చెప్పే జవాబు. నా అభిప్రాయం వేరు. తన శక్తికి తానే ఒక హద్దు గీసుకోవడం వల్ల ఈ దినం బతికింది. మనిషికీ దేవుడికీ మధ్య జరిగిన తప్పును ఈ దినం కడుగుతుంది. మనిషికీ మనిషికీ మధ్య జరిగిన తప్పును మాత్రం, నొచ్చుకున్నవాణ్ని కలిసి సమాధానపరచేదాకా కడగదు. ఎంత కడుపు మాడ్చుకున్నా, ఎంత గుండెలు బాదుకున్నా ఆ బాకీ అలాగే ఉంటుంది. పాపాల్ని ప్రక్షాళన చేస్తామని చెప్పే ఆచారాలు లోకంలో చాలా ఉన్నాయి. ఫలానా పాపం నా చేతిలో లేదు, వెళ్లి ఫలానా మనిషిని అడుగు అని తిప్పి పంపే ఆచారం అరుదు. యోమ్ కిప్పూర్‌లో విలువైనదంతా ఆ తిప్పి పంపడంలోనే ఉందనీ, ఈ దినం మీద వచ్చే ఆక్షేపణలన్నిటికీ జవాబు అక్కడే దొరుకుతుందనీ నా నమ్మకం.

ముందు పాత పద్ధతిని కాస్త దగ్గర్నుంచి చూడాలి. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మసంపుటిలో యోమా అన్న భాగం పూర్తిగా ఈ దినానిదే. దాని ప్రకారం ప్రధాన యాజకుణ్ని ఏడు రోజుల ముందే ఇంటినుంచి తీసుకొచ్చి దేవాలయంలో ఒక గదిలో ఉంచుతారు. ఆయనకేమైనా అయితే పని ఆగకుండా ఇంకొకరిని సిద్ధం చేస్తారు. ముందురాత్రి ఆయన్ని నిద్రపోనివ్వరు. కునుకు పడితే కుర్ర యాజకులు చిటికెలు వేసి లేపుతారు. ఆ రోజు ఐదుసార్లు స్నానం, పదిసార్లు కాళ్లుచేతులు కడుక్కోవడం. అడవికి తోలే మేకకు ఎర్రటి ఉన్ని కడతారు. దాన్ని తీసుకెళ్లే మనిషి కోసం దారి పొడవునా పది గుడిసెలు వేసి, ప్రతిచోటా అన్నం, నీళ్లు సిద్ధంగా ఉంచుతారు. ఇంత హంగులో అసలు గమనించాల్సింది ఒప్పుకోలు వరస. యాజకుడు మొదట తన తప్పుల్ని, తన ఇంటివాళ్ల తప్పుల్ని ఒప్పుకుంటాడు. తర్వాత యాజక కులం మొత్తానివి. ఆ రెండూ అయ్యాకే ప్రజలందరి పాపాలు. పెద్దపీట మీద కూర్చున్నవాడు ముందు తన సంగతి చెప్పుకోనిదే జనం తప్పుల ఊసెత్తడానికి వీల్లేదన్నమాట. మేక నెత్తిన పాపాలు రుద్ది చేతులు దులుపుకున్నారని ఈ క్రతువును తేలిగ్గా తీసిపారేసేవాళ్లు ఈ వరసను చూడడం లేదు. నోరు విప్పి తప్పు పేరు చెప్పడం అప్పటికే క్రతువులో ప్రధాన భాగం.

దేవాలయం కూలాక రబ్బీలనే ధర్మ పండితులకు ఎదురైన ప్రశ్న చిన్నది కాదు. క్రతువు ఇక లేదు. మరి పాపానికి దారేది? యోమా భాగంలో మొత్తం ఎనిమిది అధ్యాయాలుంటే మొదటి ఏడూ ఆ కూలిన గుడిలో జరిగిన సేవల వివరణే. ఉపవాసం గురించీ, పశ్చాత్తాపం గురించీ ఉన్నది ఎనిమిదో అధ్యాయంలో. దాని చివర్లో, నేను పైన చెప్పిన హద్దును రబ్బీ ఎలాజార్ బెన్ అజర్యా లేవీయకాండములోని వాక్యం నుంచే రాబట్టాడు. యెహోవా సన్నిధిని చేసిన పాపాలకు ఆ దినం శుద్ధి కలిగిస్తుందని ఆ వాక్యం చెబుతోంది కనుక, మనిషి పట్ల చేసినవి దాని పరిధిలోకి రావన్నది ఆయన తర్కం. ఇది వ్యాకరణం మీద ఆధారపడిన చిన్న వ్యాఖ్యలా కనిపిస్తుంది కానీ దాని ఫలితం పెద్దది. యాజకుడు పోయిన తర్వాత ఆ స్థానంలో ఇంకో మధ్యవర్తిని కూర్చోబెట్టడానికి అవకాశముంది. రబ్బీలే ఆ పదవి తీసుకోవచ్చు. వాళ్లు తీసుకోలేదు. దెబ్బ తిన్న మనిషి చేతిలో ఆ అధికారం పెట్టారు. ఆనాటి నుంచి యోమ్ కిప్పూర్‌కు ముందు రోజులు, ముఖ్యంగా కొత్త సంవత్సరం రోష్ హషానా మొదలు ఈ దినం వరకు ఉన్న పది రోజులు, ఇళ్లకు వెళ్లి మన్నించమని అడిగే రోజులయ్యాయి.

మొదటి ఆక్షేపణ అందరికీ తోచేదే. ఏటా ఒకసారి పాపాలు తుడిచిపెట్టుకునే వీలుంటే మనిషి మిగతా రోజులు భయం లేకుండా తప్పులు చేయడా? మిష్నా దీనికి సూటిగా జవాబిచ్చింది. పాపం చేస్తాను, యోమ్ కిప్పూర్ చూసుకుంటుందిలే అనుకునేవాడికి యోమ్ కిప్పూర్ ఏమీ చేయదు. ఈ నియమాల్ని 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమొనిడీస్ తన ధర్మశాస్త్ర గ్రంథంలో ఒక క్రమంలో పెట్టాడు. తప్పును వదిలేయాలి, చేసినందుకు చింతించాలి, మళ్లీ చేయనని నిశ్చయించుకోవాలి, నోటితో ఒప్పుకోవాలి. డబ్బు ఎగ్గొట్టినవాడు తిరిగి చెల్లించినంత మాత్రాన సరిపోదు. వెళ్లి ఆ మనిషిని బతిమాలి మనసు కుదుటపరచాలి. ఇక పశ్చాత్తాపం పూర్తయిందని ఎప్పుడనాలి? అదే తప్పు చేయడానికి అదే అవకాశం మళ్లీ వచ్చి, చేయగల సత్తువ ఇంకా ఒంట్లో ఉండి కూడా చేయకుండా నిలబడ్డప్పుడు. ఇంత కఠినమైన కొలత పెట్టిన సంప్రదాయాన్ని పాపానికి లైసెన్సు ఇచ్చిందనడం న్యాయం కాదు. పాటించేవాళ్లు ఆ కొలతకు తూగుతున్నారా అన్నది వేరే ప్రశ్న. తూగనివాళ్లు ఉన్నారని కొలతనే పారేయలేం కదా.

మరి ఉపవాసం స్థానం ఏమిటి? ఉపవాసమే సర్వస్వమైతే ఆ రోజు ప్రార్థనల్లో చదివే పాఠాలు ఇంకోలా ఉండేవి. పొద్దున యెషయా 58వ అధ్యాయం చదువుతారు. తిండి మాని తలవంచుకుని కూర్చుంటూనే పనివాళ్లను పీడించే జనం మీద ప్రవక్త విరుచుకుపడే అధ్యాయమది. కట్లు విప్పడం, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం అసలైన ఉపవాసమని అతని మాట. మధ్యాహ్నం యోనా గ్రంథం. నీనెవె పట్టణం గోనెపట్టలు కట్టుకుని ఉపవాసం చేసింది, నిజమే. కానీ దేవుడు చూసింది వాళ్ల గోనెపట్టల్ని కాదు, చెడునడత మానిన వాళ్ల పనుల్ని అని మిష్నాలోనే మరోచోట పెద్దలు జనానికి గుర్తుచేస్తారు. రోగుల విషయంలో నియమాలు ఇంకా స్పష్టం. ప్రాణాపాయం ఉంటే తినడం తప్పు కాదు, తినకపోవడమే తప్పు. తినకపోతే లాభం లేదని రోగి అంటే, అవసరం లేదని వైద్యులు ఎందరు చెప్పినా రోగి మాటే చెల్లుతుందని, మిష్నా మీద పండితుల చర్చలను కూర్చిన తాల్మూద్ తీర్పు. గర్భిణికి ఏదైనా వాసన తగిలి ప్రాణం లాగితే, ఆమె తేరుకునేదాకా పెట్టాలి. ఒక్క ప్రాణం కోసం పక్కకు తప్పుకునే ఉపవాసం ఆ దినానికి గమ్యం కాలేదు. మనిషిని తన రోజువారీ వ్యవహారాల నుంచి బయటికి లాగి, తన లెక్క తాను చూసుకునే స్థితిలో కూర్చోబెట్టడం దాని పని.

ఇక్కడ నా వాదనకు నిజమైన ఎదురుదెబ్బ మన దేశం నుంచే ఉంది. కొంకణ తీరంలో బెనె ఇశ్రాయేలీలు శతాబ్దాలపాటు మిగతా యూదు లోకంతో సంబంధం లేకుండా, హీబ్రూ దాదాపు మరిచిపోయి, నూనె గానుగలు ఆడించుకుంటూ బతికారు. వాళ్లకు మిష్నా లేదు, మైమొనిడీస్ లేడు. అయినా ఏటా ఒకరోజు తలుపులు మూసుకుని, ఎవర్నీ తాకకుండా ఉపవాసముండేవారు. మరాఠీలో దాన్ని తలుపులు మూసే పండుగ అన్న పేరుతోనే పిలిచారు. అంటే సిద్ధాంతం లేకపోయినా ఉపవాసం నిలబడింది. ఈ సాక్ష్యాన్ని దాటవేయకూడదు. ఒంటికి అలవాటైన ఆచారం పుస్తకం కన్నా ఎక్కువకాలం బతుకుతుందని ఇది రుజువు చేస్తోంది. కానీ ఆచారం బతకడం వేరు, దానికి అర్థం ఉండడం వేరు. 18, 19 శతాబ్దాల్లో కొచ్చిన్ యూదుల ద్వారా, తర్వాత ఇతరుల ద్వారా ప్రార్థనా గ్రంథాలు చేతికందగానే బెనె ఇశ్రాయేలీలు వాటిని ఆత్రంగా అందిపుచ్చుకున్నారు. మన గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకునే చిన్న తెలుగు సమాజం కూడా సినగాగ్ కట్టుకుని, యూదు పండుగలు నేర్చుకుని పాటిస్తోంది. ఒంటి ఆచారమే చాలనుకుంటే అర్థం కోసం ఈ వెతుకులాట ఉండదు.

బయటివాళ్లు ఎక్కువగా దుమ్మెత్తిపోసింది కోల్ నిద్రే మీద. యోమ్ కిప్పూర్ సాయంత్రం మొట్టమొదట పాడే ఈ అరమాయిక్ పాఠం మొక్కుల్నీ ఒట్లనూ రద్దు చేస్తున్నట్టు ప్రకటిస్తుంది. యూదుడి మాట నమ్మకూడదనడానికి ఇదే సాక్ష్యమని మధ్యయుగాల ఐరోపాలో ప్రచారం జరిగింది. 1240లో పారిస్‌లో తాల్మూద్ మీద జరిగిన విచారణలోనూ ఈ ఆరోపణ వచ్చింది. కోర్టుల్లో యూదుల చేత అవమానకరమైన ప్రత్యేక ప్రమాణాలు చేయించడానికి దీన్ని సాకుగా చూపారు. నిజానికి ఈ పాఠం మీద మొదట అభ్యంతరం చెప్పింది యూదు పండితులే. 9వ శతాబ్దంలో బాబిలోనియా విద్యాపీఠాల పెద్దలైన గావోన్లు దీన్ని తప్పుబట్టారు. 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన రబ్బేను తామ్, గడిచిన ఏడాది మొక్కులకు బదులు రాబోయే ఏడాది మొక్కులకు వర్తించేలా మాటలు మార్చాడు. 1844లో బ్రున్స్‌విక్‌లో సమావేశమైన సంస్కరణవాద రబ్బీలు దీన్ని తొలగించాలని తీర్మానించారు. రద్దయ్యేవి మనిషి తనమీద తాను దేవుడి ఎదుట పెట్టుకున్న మొక్కులేనని, ఇంకొకరికిచ్చిన మాట వాళ్ల ప్రమేయం లేకుండా రద్దు కాదని పండితులు పదేపదే చెప్పారు. ఆ దినం మొత్తానికి వర్తించే హద్దే ఇక్కడా వర్తించింది. ఇంకొకరి హక్కు ఉన్నచోట దేవుడితో చేసుకునే ఒప్పందం చెల్లదు.

ఆ రోజు చేసే ఒప్పుకోలు పాఠం మీద మరో ఆక్షేపణ ఉంది. అక్షరక్రమంలో పేర్చిన తప్పుల పట్టికను, ఒక్కో తప్పుకూ గుప్పిటితో గుండె మీద తట్టుకుంటూ, అందరూ కలిసి చదువుతారు. అంతా బహువచనమే, మేము ఈ తప్పు చేశాం, మేము ఆ తప్పు చేశాం అని. దొంగతనం చేయనివాడు దొంగతనాన్ని ఒప్పుకోవడం ఏమిటి? అందరూ చేశామంటే ఎవరూ చేయలేదనే కదా? ఈ ప్రమాదం నిజమైనదే. కానీ బహువచనానికి ఒక సమర్థన ఉంది. నిజంగా తప్పు చేసినవాడు నలుగురిలో తలెత్తి నోరు విప్పేందుకు అది చోటిస్తుంది. ఊళ్లో జరిగిన అన్యాయంలో ఊరికీ భాగముందని గుర్తుచేస్తుంది. పైగా ఆ పాఠం ఎవరి బాకీనీ తీర్చదు. విడిగా వెళ్లి అడగాల్సిన గడప అలాగే మిగిలి ఉంటుంది. ఉమ్మడి మాట వ్యక్తి బాధ్యతను చెరిపేయదనడానికి ఈ కాలపు ఉదాహరణ ఒకటుంది. 1973 అక్టోబరు 6న, సరిగ్గా ఈ దినాన, ఈజిప్టు, సిరియా సేనలు దాడి చేసినప్పుడు ఇశ్రాయేల్ సన్నద్ధంగా లేదు. 2,600 మందికి పైగా దాని సైనికులు చనిపోయారు. తర్వాత ఈ వైఫల్యంపై విచారణ జరిపిన అగ్రనాత్ కమిషన్ సైన్యాధికారుల మీదనే తప్పు మోపి రాజకీయ నాయకుల్ని వదిలేస్తే జనం ఒప్పుకోలేదు; 1974 ఏప్రిల్‌లో ప్రధాని గోల్డా మెయిర్ రాజీనామా చేయాల్సి వచ్చింది. ఉమ్మడి దుఃఖంలో ఎవరి బాధ్యత వాళ్లకు విడిగా ఉంటుందని ఆ జనం పట్టుబట్టారు. ప్రధాన యాజకుడి ఒప్పుకోలు వరస ఆశించింది అదే.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ దెబ్బ తిన్నవాడి వైపు నుంచి వస్తుంది. క్షమాపణ అడిగేవాడు గుమ్మంలో నిలబడితే, క్షమించాలన్న ఒత్తిడి బాధితుడి మీద పడదా? మైమొనిడీస్ చెప్పిన ప్రకారం తప్పు చేసినవాడు మూడుసార్లు, ప్రతిసారీ ముగ్గుర్ని వెంటబెట్టుకుని వెళ్లి అడగాలి. అప్పటికీ మెత్తబడకపోతే దోషం క్షమించనివాడిదవుతుంది. ఇది చదివితే బాధితుడిని మూలకు నెట్టినట్టే ఉంది. అయితే తాల్మూద్‌లోనే ఇంకో కథ ఉంది. రవ్ అనే గొప్ప పండితుడికి ఒక కసాయివాడు అపకారం చేశాడు. యోమ్ కిప్పూర్ ముందురోజు దాకా చూసినా వాడు రాలేదు. సరే, నేనే వెళ్లి రాజీ చేసుకుంటానని రవ్ బయల్దేరాడు. దారిలో శిష్యుడు రవ్ హూనా ఎదురుపడి, సంగతి విని, ఈయన ఒక మనిషిని చంపడానికి వెళ్తున్నాడని అనుకున్నాడు. కసాయి జంతువు తల నరుకుతూ కూర్చున్నాడు. తలెత్తి చూసి, నీతో నాకు పని లేదు పొమ్మన్నాడు. మళ్లీ కత్తి వేయగానే ఒక ఎముక ఎగిరి గొంతులో తగిలి చనిపోయాడు. ఫ్రెంచ్ తత్వవేత్త ఎమాన్యుయేల్ లెవినాస్ 1963లో తన ఉపన్యాసంలో ఈ కథను చర్చకు పెట్టాడు. నాకు తోచేది ఇది: రాజీ కోసం తొందరపెట్టడం కూడా హింస కాగలదని ఆ శిష్యుడు గ్రహించాడు. ఎదుటివాడు సిద్ధం కాకముందే, మన పవిత్రత మనకు ముఖ్యమై, అతని ముందు వెళ్లి నిలబడితే అది ఔదార్యం అనిపించుకోదు. అందుకే మైమొనిడీస్ నియమాన్ని ఈ కథ పక్కన పెట్టి చదవాలి. అడగడం తప్పు చేసినవాడి విధి. ఇవ్వడానికి సమయం తీసుకునే హక్కు బాధితుడిది.

బాధితుడు బతికి లేకపోతే? పదిమందిని సమాధి దగ్గరికి తీసుకెళ్లి అక్కడ తప్పు ఒప్పుకోమని శాస్త్రం చెప్పింది. సొమ్ము బాకీ ఉంటే వారసులకివ్వాలి. చంపినవాడి సంగతి ఇంకా జటిలం. సైమన్ వైజెంతాల్ 1969లో అచ్చయిన పొద్దుతిరుగుడు పువ్వు అనే పుస్తకంలో, నాజీ శిబిరంలో ఖైదీగా ఉన్న తనను, చావుబతుకుల్లో ఉన్న ఒక ఎస్ఎస్ సైనికుడు తాను చేసిన యూదుల హత్యలకు క్షమించమని అడిగిన సంగతి రాశాడు. వైజెంతాల్ మాట్లాడకుండా బయటికొచ్చేశాడు. తాను చేసింది సబబేనా అని అనేకమంది ఆలోచనాపరుల్ని అడిగాడు. రబ్బీ అబ్రహాం హెషెల్ జవాబుగా, బ్రిస్క్ పట్టణపు పూజ్యుడైన రబ్బీ కథ చెప్పాడు. రైల్లో ఆయనెవరో తెలియక ఒక వ్యాపారి పెట్టెలోంచి గెంటేశాడు. తెలిశాక వచ్చి ఎన్నిసార్లు కాళ్లావేళ్లా పడ్డా ఆయన క్షమించలేదు. నువ్వు అవమానించింది రబ్బీని కాదు, ఎవరో అనామకుణ్ని. వెళ్లి అతన్ని అడుగు అన్నాడు. ఇది మరీ కఠినం, హంతకుడికి దారే లేకుండా చేస్తోందని అనేవాళ్లున్నారు. పశ్చాత్తాపానికి దారి మూసుకుపోలేదు. మూసుకుపోయింది అరువు క్షమాపణకే. చనిపోయినవాడి తరఫున మంచివాళ్లమనిపించుకోవడానికి ఎవరికీ అధికారం లేదన్న మాటలో మృతుల పట్ల గౌరవం ఉంది.

తోటివాడంటే యూదుడేనా అన్న చివరి ప్రశ్న మిగిలింది. దానికి ఆ రోజే చదివే యోనా గ్రంథం చాలు. దేవుడు జాలిపడింది నీనెవె మీద. అది పరాయి జనం ఊరు, ఇశ్రాయేలును నాశనం చేసిన అష్షూరు పట్టణం. అక్కడి లక్షా ఇరవైవేల మందికి పైగా జనం, పశువులు కూడా దేవుడి లెక్కలోకి వచ్చాయి. కాబట్టి ఈ దినాన్ని జాతీయ దినంగా నిలుపుకున్న ఇశ్రాయేల్ రాజ్యానికి కూడా, దాని చేతుల్లో నష్టపోయిన పాలస్తీనీయుల విషయంలో, ఈ కొలత వర్తిస్తుంది. ఆ రాజ్య ప్రజల్ని చంపినవాళ్లకూ అంతే వర్తిస్తుంది. గాయపడ్డ సమాజాలు ఉన్న ప్రతిచోటా, కులం పేరిట మతం పేరిట మనుషుల్ని తొక్కిన మన సమాజాలతో సహా, నష్టపోయినవాడి ముందు నిలబడకుండా దేవుడికి మొక్కి బయటపడే దారి లేదు.

ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాం అని పేరూ ఊరూ లేని క్షమాపణలు పత్రికలకెక్కే కాలమిది. చేసిన తప్పు పేరు అందులో ఉండదు, దెబ్బ తిన్న మనిషి పేరూ ఉండదు. రెండువేల ఏళ్లుగా యోమ్ కిప్పూర్ దీనికి ఒప్పుకోలేదు. ఏ మతంవాళ్లమైనా, ఏ మతమూ వద్దనుకున్నా, ఈ ఒక్క నియమాన్ని మనం తీసుకోవచ్చు. ఎవరికి అన్యాయం చేశామో వాళ్ల పేరు తెలుసుకుని, వాళ్ల దగ్గరికే వెళ్లి, చేసిన పని పేరు చెప్పి, నష్టం పూడ్చి అడుగుదాం. ప్రార్థన ఆ తర్వాత చేసుకోవచ్చు.